రాత్రి అన్నం తిన్నాక ఒక గ్లాసు నీళ్లు

 

మన హాస్టల్లో పొద్దున్న బెల్లు కొట్టగానే అందరం బ్రష్షులు పట్టుకొని కుళాయిల దగ్గర లైను కడతాము. పళ్లు తోమని వాళ్లు ఒక్కరూ ఉండరు. కానీ రాత్రి ఎవరూ తోమరు. నేను కూడా తోమేదాన్ని కాదు. రాత్రి తోమడమే ఎక్కువ ముఖ్యమని, దానికి హాస్టల్లో వీలు కల్పించాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

పోయిన సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షలప్పుడు నాకు కింది దవడ పన్ను పోటు వచ్చింది. బుగ్గ బూరెలాగ వాచింది. లవంగం పెట్టుకున్నాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. రెండు రాత్రులు నిద్ర లేదు. లెక్కల పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చేశాను. మా అమ్మ కూలి మానుకొని కొండ దిగి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. పళ్ల డాక్టరమ్మ చూసి, లోపలంతా పుచ్చిపోయింది, తీసెయ్యాలి అన్నారు. "పోనీలెండమ్మా, మళ్లీ వస్తాది కదా" అన్నాది మా అమ్మ. "ఇది పాలపన్ను కాదమ్మా, ఇంక రాదు" అన్నారు డాక్టరమ్మ. మా అమ్మ దారంతా మాట్లాడలేదు.

ఆ రోజే నాకు ఒక సంగతి తెలిసింది. పాలపళ్లు 20. అవి ఊడిపోయి కొత్తవి వస్తాయని అందరికీ తెలుసు. కానీ సుమారు ఆరేళ్లప్పుడు పాలపళ్లన్నిటికీ వెనకాల నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. వాటి కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అవి వచ్చినట్టే ఎవరికీ తెలియదు. పాలపళ్లే అనుకొని వదిలేస్తారు. అవి చచ్చేదాకా ఉండాల్సిన పళ్లు. నాది పద్నాలుగేళ్లకే పోయింది. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదట, ఇంక ఇది నాకు ఎవరు చెప్తారు? మన హాస్టల్లో ఒకటో, రెండో తరగతి పిల్లలకు ఆ పళ్లు ఇప్పుడే వస్తున్నాయి. నిన్న నలుగురి నోళ్లు తెరిపించి చూశాను. ఒక పాపకి అప్పుడే నల్ల మచ్చ ఉంది.

పాలపళ్లు ఎలాగూ ఊడతాయి కదా అనేవాళ్లు కూడా ఉన్నారు. అవి పుచ్చి ముందే పోతే పక్క పళ్లు జరిగిపోయి కొత్త పన్ను వంకరగా వస్తుంది.

రాత్రి ఎందుకంటే, నోట్లో సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పంటి పైన ఎనామిల్‌ని కరిగిస్తుంది. పగలు లాలాజలం దాన్ని కడుగుతూ ఉంటుంది. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది. పళ్ల సందుల్లో తిండి పెట్టుకొని పడుకుంటే రాత్రంతా సూక్ష్మజీవులకు పండగే. (ఇంటి నుండి తెచ్చిన నువ్వు జీళ్లు దుప్పటి కింద నమిలే వాళ్లు ఎవరో నాకు తెలుసు. పేర్లు రాయను.)

వేపపుల్ల, కానుగపుల్ల తప్పని నేను అనను. మెత్తగా నమిలి తోమితే మంచిదే. బొగ్గు, ఇటుకపొడితో గట్టిగా రుద్దితే మాత్రం ఎనామిల్ అరిగిపోతుంది. అది గోరులాగ మళ్లీ పెరగదు.

ఇంక మా అమ్మమ్మ సంగతి. మా వైపు ముసలమ్మలు చాలామంది లాగే ఆమె అడ్డపొగ తాగుతాది, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకొని. ఎందుకలాగ అంటే, "లోపలెట్టుకుంటే గాలికి ఆరిపోదే గుంటా" అంటాది. దసరా సెలవుల్లో నేను టార్చిలైటు వేసి ఆమె అంగిలి చూశాను. తెల్లగా మందంగా అయిపోయి, మధ్యలో ఎర్ర చుక్కలు ఉన్నాయి. నాకు భయం వేసింది. నోట్లో తెల్ల మచ్చ గాని పుండు గాని రెండు వారాల్లో మానకపోతే తప్పక చూపించాలి, పొగాకు వల్ల నోటి క్యాన్సర్ వస్తుంది అని డాక్టరమ్మ చెప్పి ఉన్నారు. ఎంత బతిమాలితే వచ్చిందో! ఇప్పటికి క్యాన్సర్ కాదు, కానీ చుట్ట మానెయ్యాలి, మళ్లీ చూపించుకోవాలి అన్నారు. అమ్మమ్మ రోజుకి నాలుగు నుంచి ఒకటికి వచ్చింది. ఆ ఒక్కటీ నా ఎదురుగా కాల్చదు. మీరు కూడా సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మల, నానమ్మల నోళ్లు చూడండి. నవ్వుతారు, తిడతారు, అయినా చూడండి.

మేడం గారూ, రాత్రి నీళ్లు వేస్టు అవుతాయని కుళాయిలు కట్టేస్తారు. వేసవిలో మనం పడిన కష్టం మాకూ తెలుసు. కానీ పేస్టు ఉమ్మేసి ఒక్కసారి పుక్కిలిస్తే చాలు. ఎక్కువ పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడు కూడా పోతుంది. మనిషికి పావు లీటరు వేసుకున్నా 200 మందికి 50 లీటర్లే. అంటే మూడు, నాలుగు బకెట్లు. లైట్లు తీసే ముందు పది నిమిషాలు, వరండాలో ఒక డ్రమ్ము, ఒక మగ్గు, ఇంతే మేము అడిగేది. చిన్నపిల్లల దగ్గర ఒక్కొక్క అక్క నిలబడి తోమిస్తుంది. డ్రమ్ము నింపే వంతు మొదటి వారం మా తొమ్మిదో తరగతిది.

— 9వ తరగతి విద్యార్థిని