ఐదొందల డాలర్లలో మంచి వేట తుపాకీ, వేట ఒక్కటి తప్ప

"అన్నా, బడ్జెట్ ఐదొందల డాలర్లు. మంచి హంటింగ్ షాట్‌గన్ ఏది కొనమంటావ్?"

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల వాట్సాప్ గుంపుల్లో ఈ ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. ఇదివరకు ఏ కారు కొనాలి, ఏ క్రెడిట్ కార్డు తీసుకోవాలి అని అడిగేవాళ్ళు, ఇప్పుడు ఇది. అడగ్గానే కింద పాతిక సమాధానాలు. ఒకాయన రెమింగ్టన్ అంటాడు, ఇంకొకాయన మాస్‌బర్గ్ అంటాడు, మూడో ఆయన యూట్యూబ్ లింకు పడేస్తాడు. "ఇంతకీ నువ్వు వేటకి వెళ్తావా తమ్ముడూ?" అని మాత్రం ఒక్కడూ అడగడు.

నేను అడుగుతున్నా. ఎవరికైనా కోపం వస్తే రానీండి.

ముందే చెప్తున్నా, ఇది తుపాకీ అంటే భయపడేవాడి ఉపన్యాసం కాదు. ఇప్పుడు తాడేపల్లిలో కూర్చుని ఇంటి నుంచి పని చేసుకుంటున్నా గానీ, టెక్సస్‌లో ఉన్నన్నాళ్ళూ సెప్టెంబరు ఒకటో తారీఖు గువ్వల వేట మొదలయ్యే రోజుకి సెలవు పెట్టుకున్నవాణ్ణే. గువ్వలు కొట్టాం, కూర వండుకున్నాం. వేట మీద నాకేం ఫిర్యాదు లేదు. నా గోలంతా వేట పేరు చెప్పి తుపాకీ కొనేవాళ్ళ గురించి.

అసలు మనవాళ్ళు "హంటింగ్" షాట్‌గనే ఎందుకు అడుగుతారో తెలుసా? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఇది 1998 నుంచీ ఉన్న నిషేధం. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనకి అందేది ఒకటే: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. టెక్సస్‌లో అక్కడ నివాసం ఉన్నవాడికి ఆ లైసెన్సు ఇరవై అయిదు డాలర్లు. ఆన్‌లైన్లో పది నిమిషాల పని. అది ప్రింటు తీసుకుని షాపుకెళ్ళి, ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిందనిపిస్తే తుపాకీ చేతికొస్తుంది. అదన్నమాట సంగతి.

ఇందులో ఒక తమాషా ఉంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చెయ్యాలి. ఈ క్లాసు వేటాడటానికి కావాలి గానీ లైసెన్సు కొనడానికి అక్కర్లేదు. అంటే నిజంగా వేటకి వెళ్ళేవాడు తుపాకీ ఎలా పట్టుకోవాలో, ఎలా ఖాళీ చెయ్యాలో, కంచె దాటేటప్పుడు ఏం చెయ్యాలో నేర్చుకుంటాడు. తుపాకీ కోసమే లైసెన్సు కొన్నవాడు ఏమీ నేర్చుకోకుండా నేరుగా ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ మనిషికి అందరికంటే ఎక్కువ అవసరమైన క్లాసు అదే. అదే ఎగ్గొడతాడు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక విద్యార్థి, తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. స్నేహితులు పక్క గదిలో ఉన్నారు. అక్కడ విద్యార్థులకి వేట తుపాకీ లైసెన్సు ఇస్తారని తనకి తెలియనే తెలియదని ఆ తండ్రి అన్నట్టు పేపర్లలో చదివాను. మన తాడేపల్లి, మంగళగిరి అపార్టుమెంట్లలో రాత్రి పూట వీడియో కాల్ కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసంటారు, పిల్లాడి బట్టల అలమరలో ఏముందో?

పంప్ తుపాకీ సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్తా. కింద గొట్టంలో (మ్యాగజీన్) తూటాలుంటాయి, పైన ఛాంబర్లో ఒకటి ఉంటుంది. ఛాంబర్లో ఉన్నది బయటికి తీసి "ఖాళీ అయింది" అనుకుని పంప్ ముందుకి తోస్తే, కింద గొట్టంలో ఉన్న ఇంకో తూటా వచ్చి ఛాంబర్లో కూర్చుంటుంది. సేఫ్టీ బటన్ చాలా వాటిల్లో ట్రిగ్గర్ని మాత్రమే ఆపుతుంది. కాబట్టి మ్యాగజీన్ ఖాళీ చెయ్యాలి, ఛాంబర్ కంటితో చూడాలి, వేలు పెట్టి తడిమి చూడాలి, ఆ తర్వాతే శుభ్రం చెయ్యడం. తూటాల డబ్బా వేరే గదిలో ఉండాలి. ఈ నాలుగు ముక్కలు ఏ స్పెసిఫికేషన్ షీట్లోనూ ఉండవు.

ఇక రెండో ప్రమాదం. ఇది మన జాతికి ప్రత్యేకం. లేఆఫ్.

ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాడికి ఇచ్చేది మహా అయితే అరవై రోజుల గడువు. ఆలోగా వేరే పిటిషన్ పడక, దేశం విడిచి వెళ్ళకుండా ఉండిపోయావనుకో. అప్పుడు నువ్వు అక్రమంగా ఉన్నవాడివి. వేట లైసెన్సు జేబులో ఉన్నా పనికిరాదు. అలమరలో ఉన్న షాట్‌గన్ ఫెడరల్ నేరం. 2022లో చట్టం మార్చాక దీనికి శిక్ష గరిష్ఠంగా పదిహేనేళ్ళు. ఆయుధాల కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపించొచ్చు. ఇక వీసావాడి సంగతి చెప్పేదేముంది.

స్టేటస్ సవ్యంగా ఉన్నా ఇంకో మెలిక ఉంది. టెక్సస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. మినహాయింపు లైసెన్సుకి తగిలించి ఉంది కాబట్టి, సెప్టెంబరులో మళ్ళీ కొనకపోతే మినహాయింపూ పోయినట్టే. వేటగాడికి సెప్టెంబరు ఒకటి పండగ, లైసెన్సు మర్చిపోడు. వేటకి వెళ్ళనివాడికి ఆ తేదీ ఎందుకు గుర్తుంటుంది? కారు ఇన్సూరెన్సుకి రిమైండరు పెట్టుకునే మనవాళ్ళలో దీనికి పెట్టుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూళ్ళేదు.

"ఇలాంటివన్నీ ఎవరు పట్టించుకుంటారండీ" అంటారా? రెహైఫ్ కేసు చదవండి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి వచ్చిన విద్యార్థి. మార్కులు రాక యూనివర్సిటీ తీసేస్తే స్టేటస్ పోయింది. దేశంలోనే ఉండిపోయి, షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి తుపాకీ పేల్చాడు. అంతే, కేసు పడింది, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే నిరూపించాలంది. బాగుంది. మరి హెచ్‌ఆర్ పంపిన లేఆఫ్ మెయిలు చదివి, లాయరుకి ఫోన్ చేసి, గడువు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నవాడు "నాకు తెలీదు" అని ఏ కోర్టులో అంటాడు?

ఇప్పుడు మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. "వేట కాదండీ, ఇంటి రక్షణ. ఒలేత గుర్తులేదా?"

గుర్తుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు, ఒకరు చనిపోయారు. ఆ వారమంతా అమెరికాలో ఉన్న ప్రతి తెలుగింటికీ ఇండియా నుంచి ఫోన్లే. ఆ భయాన్ని నేను వెటకారం చెయ్యను. కానీ నిదానంగా ఆలోచించండి. ఇంట్లో అలమరలో ఉన్న పొడుగాటి షాట్‌గన్ బార్‌లో ఏం రక్షిస్తుంది? గ్యాస్ స్టేషన్లో పార్ట్‌టైం చేసే కుర్రాణ్ణి ఏం రక్షిస్తుంది? ఇక ఇంట్లో అంటారా, అక్కడి అపార్టుమెంట్లలో గదుల మధ్య గోడలు జిప్సం బోర్డులు. రక్షణ పేరుతో మనవాళ్ళు కొనే బక్‌షాట్ తూటా గుళ్ళు ఆ గోడల్ని దాటి వెళ్ళిపోతాయి. గోడ అవతల మీ పాపే పడుకుని ఉండొచ్చు, పక్కింటి పాపైనా ఉండొచ్చు. భయానికి మందు కావాలంటే మంచి తాళం, అలారం, నలుగురు తెలిసిన ఇరుగుపొరుగు. ఇది వినడానికి చప్పగా ఉంటుంది, ఫోటో దిగడానికి పనికిరాదు. నిజం చెప్పాలంటే సగం కేసుల్లో అసలు సమస్య ఆ ఫోటోనే. తెలుగు సినిమాలో హీరో భుజం మీద తుపాకీ పెట్టుకుని నడిచొస్తాడు చూడండీ, ఆ ఫోటో.

సరే. వీటన్నిటి తర్వాత కూడా "లేదు, నేను నిజంగానే వేటకి వెళ్తాను, క్లాసు చేశాను, పిలిచే స్నేహితుడున్నాడు, పొలం ఉంది" అనేవాడు ఒకడుంటాడు. వాడికి నా నమస్కారం. ఆ ఐదొందలు ఇలా ఖర్చు పెట్టు నాయనా.

1. మొత్తం ఐదొందలూ తుపాకీకి తగలెయ్యకు. మూడొందలు, మహా అయితే మూడొందల యాభై. మిగతాది చెవుల మఫ్లు, కళ్ళద్దాలు, తాళం, తూటాలు, క్లే టార్గెట్ల ఫీజు. ట్రాప్ ఒక రౌండు అంటే పాతిక క్లేలు, పాతిక తూటాలు. ఖరీదైన తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్చినవాడికంటే చౌక తుపాకీతో ఇరవై రౌండ్లు కాల్చినవాడు నయం. సగం ప్రాక్టీసుతో వెళితే పిట్ట చావదు, దెబ్బ తిని పొదల్లో పడి గిలగిల్లాడుతుంది. అది వేట కాదు, పాపం.

2. ఈ ధరలో సెమీ ఆటోమేటిక్ జోలికి పోకు. పంప్ తీసుకో. మాస్‌బర్గ్ వాళ్ళదే మావెరిక్ 88 కొత్తది సాధారణంగా మూడొందల లోపు దొరుకుతుంది. మాస్‌బర్గ్ 500 ఇంకొంచెం ఎక్కువ. దాని సేఫ్టీ పైన బొటనవేలి దగ్గర ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకి హాయి. నా ఓటు మాత్రం బాగా చూసుకున్న పాత రెమింగ్టన్ 870కే. 1950 నుంచీ తయారవుతున్న మోడల్, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. వింగ్‌మాస్టర్ అని రాసున్న పాతది కనిపిస్తే వదలకు. 1987లో చౌక రకంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ అయితే ఛాంబర్లో తుప్పుందేమో లైటు వేసి చూడు.

3. బ్రాండు కంటే ముఖ్యం కొలత. షాట్‌గన్‌కి వెనక సైటు ఉండదు, నీ కన్నే వెనక సైటు. భుజానికి ఆనించే చెక్క పొడుగైతే చెంప సరిగ్గా ఆనదు, గురి ఎక్కడికో పోతుంది. అమెరికన్ కొలత దాదాపు పద్నాలుగు అంగుళాలు. ఐదడుగుల అయిదంగుళాల మన మనిషికి అది ఎక్కువే. షాపులో, ఖాళీ అని చూసుకున్నాక, కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తు, కళ్ళు తెరువు. గొట్టం పొడుగునా సూటిగా కనబడితే నీది. మెడ వంచాల్సి వస్తే అక్కడే పెట్టెయ్యి. చొక్కా కొలత చూసుకోకుండా కొనం కదా!

4. ఇరవై గేజ్ ఆడవాళ్ళకీ పిల్లలకీ అనే మాట నమ్మకు. గువ్వలకి బ్రహ్మాండంగా సరిపోతుంది, తేలిక, తన్ను తక్కువ. కానీ ఇంట్లో పన్నెండు గేజ్ కూడా ఉంటే రెండు రకాల తూటాలూ ఒకే సంచీలో వెయ్యకు. ఇరవై గేజ్ తూటా పన్నెండు గొట్టంలో జారి మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం చీలుతుంది. ఇరవై గేజ్ తూటాకి పసుపు రంగు వేసేది అందుకే.

5. గువ్వల్లాంటి వలస పిట్టల వేటలో తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదు. మ్యాగజీన్లో అడ్డుపుల్ల ఉందో లేదో చూసుకో. టెక్సస్‌లో గువ్వలు రోజుకి పదిహేను. లెక్క తప్పితే గేమ్ వార్డెన్ దగ్గర వీసా కథలు పనిచెయ్యవు.

ఇంతే. ఇందులో రాకెట్ సైన్సు ఏం లేదు.

మనూరి మాట ఒకటి చెప్పి ముగిస్తా. మన ఆయుధాల చట్టం (1959) పంట కాపలా కోసం రైతుకి నాటు పద్ధతిలో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వమంటుంది. అది చాలదని అధికారి నమ్మితే వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. కాగితం మీద బానే ఉంది. నల్లమల అంచున, ప్రకాశం పల్లెల్లో పందులు పొలం మీద పడితే రైతు చేసేదేమిటి? దరఖాస్తు, పోలీసు విచారణ, శిక్షణ సర్టిఫికెట్, ఆఫీసు చుట్టూ తిరగడం. తుపాకీ చేతికొచ్చినా పందిని కొట్టడానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. సరదా వేట 1991లోనే పూర్తిగా మూసేశారు కదా. విసిగిపోయినవాడు చేనుచుట్టూ కరెంటు తీగ కడతాడు. ఆ తీగకి మనుషులు బలైన వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఇక్కడ తుపాకులు పప్పుబెల్లాల్లా పంచమని నేననడం లేదు. ఆ రైతుని "నీకెందుకు?" అని చట్టం పదిసార్లు అడుగుతుంది, అతని దగ్గర నిజమైన జవాబుంది. అమెరికా చట్టం వీసావాణ్ణి అదే ప్రశ్న ఒక్కసారి అడుగుతుంది, వేట లైసెన్సు రూపంలో. మనవాడి దగ్గర ఉన్నది ఇరవై అయిదు డాలర్ల రసీదు. చట్టానికి ఆ రసీదు చాలు, కాదనను. మీకు చాలా?

వేట ఇష్టమైతే వేట నేర్చుకోండి. క్లాసుకి వెళ్ళండి, తెలిసినవాడి వెంట ఒక సీజను తుపాకీ లేకుండా నడవండి, తర్వాత కొనండి. ఇష్టం లేకపోతే ఆ ఐదొందలతో టికెట్టు కొనుక్కుని ఊరికి రండి. చార్జీకి ఇంకో ఐదొందలు పడతాయనుకోండి :) పడనీండి. ఇక్కడ అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు.