మార్కుల లిస్టు గోడ మీద నుంచి దించండి

పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు, ఇంటర్ చదివిస్తున్న తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఈ పాటికి మీ ఇంటికి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. టై కట్టుకున్న పీఆర్వో కావచ్చు, పాఠం చెప్పాల్సిన లెక్చరరే కావచ్చు. ఎండాకాలంలో ఇన్ని అడ్మిషన్లు తేకపోతే ఆయన జీతమూ ఆగే చోట్లున్నాయి, పాపం. మీ పిల్ల పేరు, చదివిన స్కూలు, మీ ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ముందే ఉంటాయి. ఎవరిచ్చారని మనం అడగం. బ్రోషర్ తెరిచి 470కి 468 వచ్చిన పిల్లల ఫొటోలు చూపిస్తారు. కొంత అడ్వాన్సు కట్టి సీటు ‘బ్లాక్’ చేసుకోమంటారు. అప్పటికి ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూలు వచ్చి ఉండదు, గుర్తింపు పొందిన కాలేజీల జాబితా కూడా వచ్చి ఉండదు. అవి రాకముందు పిల్లల్ని చేర్చుకోవద్దని బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది. ఏటా జరిగేది మాత్రం ఇదే.

ఆ అడ్వాన్సు కట్టే ముందు ఈ కాగితం చదవండి.

బ్రోషర్‌లో కనిపించేది పది మందో ఇరవై మందో. అదే కాలేజీ పేరు మీద ఫీజు కట్టి చదివినవాళ్లు వేలల్లో ఉంటారు. మిగతావాళ్లకు ఎంతెంత వచ్చాయని అడిగి చూడండి, పీఆర్వో దగ్గర ఆ లెక్క ఉండదు. పదో తరగతిలో బాగా చదివిన పిల్లకు ఫీజులో రాయితీ ఇస్తారు, ఒక్కోసారి మొత్తం మాఫీ చేస్తారు. ఆ రాయితీ బరువు మోసేది చివరి సెక్షన్ పిల్లల అమ్మానాన్నలు. చేరిన కొన్నాళ్లకే ఒక పరీక్ష పెట్టి సెక్షన్లు విడదీస్తారు. స్టార్ అనండి, ఎలైట్ అనండి, సూపర్ అనండి, పద్ధతి ఒకటే. పై సెక్షన్‌కు సీనియర్ లెక్చరర్లు, కింది సెక్షన్‌కు మొన్ననే పీజీ అయిపోయి చేరిన కుర్రాడు. మీరు ఫొటోలు చూసి డబ్బు కట్టింది పై సెక్షన్‌కు. మీవాడు కూర్చున్నది కిందిదాంట్లో.

ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో గది తలుపు వెనక అంటించిన టైంటేబుల్ చూశాం. ఐదింటికి లేవడం. ఆరు నుంచి ఏడున్నర దాకా స్టడీ అవర్. ఎనిమిదింటికి క్లాసు. మధ్యాహ్నం భోజనానికి నలభై నిమిషాలు, క్యూలో నిలబడడం, ప్లేటు కడుక్కోవడం అన్నీ అందులోనే. సాయంత్రం మళ్లీ స్టడీ, రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పడం. ‘గేమ్స్’ అని ఒక గడి ఉంది. ఆ మాటను పెన్నుతో కొట్టేసి ‘డౌట్స్’ అని రాశారు. ఆదివారం గడిలో వీకెండ్ టెస్ట్. సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద పేరు, మార్కులు, క్యాంపస్ ర్యాంకు. అట్టడుగు ఇరవై పేర్ల మీద ఎర్ర మార్కర్. అదే లిస్టు ఫొటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఎర్ర గీత పడ్డ పిల్లాడు ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ ఎదుట, వెనక పది మంది వింటుండగా, మూడు నిమిషాలు మాట్లాడాలి. అవతల నుంచి అమ్మ మొదట అడిగేది ‘ఎన్నొచ్చినయ్ రా’ అని. ‘తిన్నవా’ అన్నది ఆ తర్వాత.

ఇంతకీ ఈ మార్కులు దేనికి? తెలంగాణలో ఎంసెట్‌కు, అంటే ఇప్పటి ఎప్‌సెట్‌కు, ఇంటర్ మార్కుల నుంచి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో ప్రభుత్వం దాన్ని పూర్తిగా తీసేసింది. ఇప్పుడు ఇంజనీరింగ్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం వస్తే అర్హత ఉన్నట్టే. ఎన్‌ఐటీలకు, ఐఐటీలకు 75 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీలకు 65. నీట్ రాసే జనరల్ విద్యార్థికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం ఉండాలి. అంటే జేఈఈ కౌన్సెలింగ్‌లో వెయ్యికి 760 వచ్చిన పిల్లకూ 990 వచ్చిన పిల్లకూ తేడా లేదు, సీటు తెచ్చేది జేఈఈ ర్యాంకే. మార్కుల కటాఫ్‌తో సీట్లిచ్చిన ఢిల్లీ యూనివర్సిటీ కూడా 2022 నుంచి ప్రవేశ పరీక్షకు మారింది. దోస్త్‌లో డిగ్రీ సీటు కావాలంటే ఇంటర్ మార్కులు పనికొస్తాయి, నిజమే. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో వెయిటేజీ ఉంది, అదీ నిజమే. కానీ మన పిల్లల్ని 985 చాలదు, 990 కావాలని రాత్రిళ్లు కూర్చోబెడుతున్నది వీటి కోసం కాదు. ఆ ఐదు మార్కులు కావలసింది బస్టాండు దగ్గరి ఫ్లెక్సీకి. రిజల్ట్ రోజు టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని అరిచే ప్రకటనకు.

ర్యాంకు భయం వేరు. దాన్ని మేం కొట్టిపారేయడం లేదు. ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే బీసీ పిల్లలకు పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, దాటితే 35 వేలే అన్న పద్ధతి ఏళ్లుగా నడిచింది. రెండెకరాల రైతుకు, ఆటో నడిపే తండ్రికి ఆ గీత ఎంత ముఖ్యమో తెలియని వాళ్లే ‘పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేయండి’ అని ఉపన్యాసాలు ఇస్తారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీకి హాస్టల్ లేక, లెక్చరర్లు చాలక మనం ప్రైవేటుకు పోతున్నాం, సరదాకి కాదు. కనుక మేం అడుగుతున్నది చదువు తగ్గించమని కాదు. పిల్ల మార్కులు పిల్లకూ ఆమె ఇంటివాళ్లకూ చెప్పండి, తప్పు ఎక్కడ పోయిందో పేపరు చేతికిచ్చి చూపించండి. లిస్టు గోడకు అంటించడం వల్ల ఏ పిల్లకూ ఇంటిగ్రేషన్ రాదు.

మార్కుల మెమో దైవలిఖితం కాదని 2019లో మన రాష్ట్రమే చూసింది. ఆ ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. పేపరు మళ్లీ చూస్తే 99. ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన అందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించింది. 1,137 మంది పాసయ్యారు. ఆ 1,137 ఇళ్లలో ఆ నెల రోజులూ ఏం మాటలు నడిచి ఉంటాయో ఆలోచించండి. తప్పింది పిల్లలు కాదు, లెక్క. పరీక్షకు నిమిషం ఆలస్యమైతే గేటు మూసే నిబంధన కూడా అలాంటిదే. 2024లో ఒక పిల్లాడు పోయాక గానీ బోర్డు ఐదు నిమిషాలు సడలించలేదు.

ఇవేవీ కొత్తగా తెలిసిన సంగతులు కావు. 2001లోనే ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదా రెడ్డి కమిటీ వేశారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022 ఒక్క ఏడాది దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది: పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోవద్దు, రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దు, వారానికో సెలవు ఉండాలి, ర్యాంకు గ్యారంటీ ప్రకటనలు వద్దు. మన కార్పొరేట్ కాలేజీలు వీటి నుంచి జారిపోయే ఒడుపు నేర్చాయి. కోచింగ్ రూలు చూపిస్తే ‘మాది జూనియర్ కాలేజీ’ అంటారు. కాలేజీ రూలు చూపించి సాయంత్రం ఆరు దాటాక క్లాసులేంటని అడిగితే ‘అది కోచింగ్’ అంటారు.

ఈ ఒడుపుకు 2025 జూలై 25న అడ్డుకట్ట పడింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వీటినే పాటించాలంది. స్కూలు, కాలేజీ, కోచింగ్, హాస్టల్ అన్న తేడా లేదు, అన్నిటికీ ఇవే. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, పిల్ల శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసులో పెద్ద అక్షరాలతో కనిపించాలి. ఇవన్నీ అమలవుతున్నాయో లేదో చూడడానికి జిల్లా కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి. బ్యాచ్‌ల దగ్గర ‘వీలైనంత వరకు’ అన్న మాట ఒకటి ఉంది. యాజమాన్యాలు రేపు దాన్నే పట్టుకుంటాయి. పట్టుకోనివ్వండి. ఎందుకు వీలు కాలేదో రాతపూర్వకంగా చెప్పమని అడిగే హక్కు మనకు అప్పుడే వస్తుంది.

కాబట్టి కొత్త చట్టం కోసం ధర్నా అక్కర్లేదు. ఉన్నది అమలు చేయించడానికి ఒక సోమవారం చాలు. ఆ రోజు కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. ఒక్కరు ఇస్తే ఫైలులో పడుతుంది. ఒకే కాలేజీ పిల్లల తల్లిదండ్రులు పాతిక మంది వేర్వేరుగా ఇస్తే ఆ కాలేజీకి ఫోన్ వెళ్తుంది. రసీదు తప్పకుండా తీసుకోండి. జవాబు రాకపోతే అదే ప్రశ్న సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి. ‘మా వాడి మీద కక్ష కడతారేమో’ అన్న భయం ఉంటుంది. ఆ భయం ఉన్నవాళ్లు ముందు వరుసలో నిలబడొద్దు. పిల్లలు చదువు ముగించి బయటపడ్డ తల్లిదండ్రులు, రిటైరైన టీచర్లు, వార్డు కౌన్సిలర్లు ముందు నిలబడాలి. ఇందులో మేమున్నాం.

అడ్మిషన్ టేబుల్ దగ్గర కూడా మన మాటకు విలువ ఉండేది సంతకం పెట్టేదాకానే. కౌన్సెలర్ పేరు, అర్హత అడగండి. ‘మా ప్రిన్సిపాల్ సారే చూసుకుంటారు’ అంటే కౌన్సెలర్ లేనట్టే. సెక్షన్లు ఎలా చేస్తారో, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాసిమ్మనండి. బోర్డు జాబితాలో పేరు చూశాకే డబ్బు కట్టండి.

రిజల్ట్ రోజు సంగతి ఒక్కటి మన చేతుల్లోనే ఉంది. ఆ పూట పనికి పోకండి. పిల్లను ఒంటరిగా వదలకండి. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, మార్కులు చెప్పక్కర్లేదు. ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి, వాటికి ఫీజు కట్టే గడువు చూసి రాసుకోండి. సప్లిమెంటరీలో పాసైతే ఆ ఏడే పై చదువుకు పోవచ్చు. పిల్ల మాటలు తగ్గించినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా అది నాటకమనుకోకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. పిల్లలే చేసుకోవచ్చు, మీరూ చేయొచ్చు.

అర్జీ ఇలా రాస్తే సరిపోతుంది. మీ చేతిరాతతోనే రాయండి:

‘జిల్లా కలెక్టర్ గారికి. మా పిల్లలు ఈ జిల్లాలో ఇంటర్ చదువుతున్నారు. సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలో ఎవరెవరు ఉన్నారో, ఇప్పటివరకు ఎన్నిసార్లు సమావేశమైందో తెలియజేయగలరు. జిల్లాలో కౌన్సెలర్ ఉన్న కాలేజీలు ఏవో, లేనివి ఏవో జాబితా ప్రకటించగలరు. నోటీసు బోర్డుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల పేర్లతో మార్కుల లిస్టులు పెట్టడం వెంటనే ఆపించగలరు. పిల్లల ఫొటోలతో ర్యాంకుల ఫ్లెక్సీలు తీయించగలరు. మా కాలేజీని ఈ నెలలోనే ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేయించి, ఏం చూశారో మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.’