చేరితే చాలదు, పూర్తి కావాలి

మన పిల్లలు పీహెచ్‌డీలో చేరితే శాలువా కప్పి సన్మానం చేస్తాం. అయిదేళ్ల తరువాత ఆ పరిశోధన ఏమయిందని అడిగే నాథుడుండడు.

ప్రయోగాత్మక కణ భౌతికశాస్త్రాన్నే తీసుకుందాం. అది గదిలో ఒంటరిగా కూర్చుని ముగించే చదువు కాదు. జెనీవా దగ్గర సెర్న్‌లోని 27 కిలోమీటర్ల యంత్రం తిరిగితేనే కొత్త సమాచారం పుడుతుంది. 2018 చివర ఆగిన ఆ యంత్రం 2022లో గాని మళ్లీ తిరగలేదు. విద్యార్థి డిటెక్టరును కాపలా కాయాలి, తన ప్రతి లెక్కనూ సహపరిశోధకుల ముందు నిలబెట్టాలి. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశిపై వెలువడిన ఒక్క పత్రానికే 5,154 మంది రచయితలు! ట్యూషన్లు చెప్పుకుంటూ తీరిక వేళల్లో సాగించగల పనా ఇది?

భారతదేశం 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్యదేశం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం అమెరికాలోని నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వామి. తలుపు తెరిచే ఉంది, లేనిది దారిబత్తెం.

ఆ దారిబత్తెం కోసమే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఉండేది. దాన్ని 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో ప్రకటించింది. ఇతర పథకాలతో కలగాపులగమవుతున్నదట! మేము జీవితమంతా దస్త్రాలు నడిపినవాళ్లం. ఇటువంటి నోట్ రాయడం ఎంత తేలికో మాకు తెలుసు. ఒకే విద్యార్థి రెండు ఫెలోషిప్‌లు పొందకుండా చూడడానికి ఒక నిబంధన చాలు, పథకాన్నే పాతిపెట్టనక్కరలేదు. ప్రముఖ కళాశాలల్లో 50 మంది స్నాతకోత్తర విద్యార్థులకు ఒక్కరే ముస్లిమని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ ఒక్కరి కాళ్ల కింద నిచ్చెన లాగడమా సంస్కరణ?

మన తప్పూ మనం ఒప్పుకోవాలి. ప్రతి సభలో అబ్దుస్ సలాం పేరు తలచుకుంటాం. ఆయన సిద్ధాంతానికి 1973లో తొలి సాక్ష్యం తెచ్చినవారూ, 1983లో డబ్ల్యు, జడ్ కణాలను పట్టినవారూ సెర్న్‌లో ఏళ్ల తరబడి శ్రమించిన ప్రయోగకారులే. అటువంటి ఓపికకు మనం ఒక్క నెల ఖర్చయినా పెట్టామా? ఒక్క రాత్రి వలీమాకు ఫంక్షన్ హాలుకు పోసే సొమ్ముతో ఒక పరిశోధకుని చివరి ఏడాది గడిచిపోతుంది.

కనుక రెండే మాటలు. కేంద్రం ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. అది భిక్ష కాదు, హక్కు. ప్రతి పట్టణంలో జమాత్ పెద్దలు చివరి ఏడాదిలో ఉన్న పరిశోధకుల జాబితా రాయాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించేదాకా వారి చేయి వదలరాదు. శాలువా ఆ రోజున కప్పుదాం.