మట్టిమేడకు ఉక్కు గొడుగు
అరిజోనా ఎడారిలోని కాసా గ్రాండే అనే మట్టిమేడ నెత్తిన 1932లో వేసిన ఉక్కు కప్పును చూసి కొందరు మొహం చిట్లిస్తారు. నాకైతే ముచ్చటేసింది. సుమారు 1350లో అక్కడి ప్రాచీన హోహోకమ్ జనం సున్నం పాలున్న గట్టి మట్టిని వరసలు వరసలుగా మెత్తి లేపిన నాలుగంతస్తుల మేడ ఇది. వరసల గీతలు ఇప్పటికీ తెలుస్తాయి. ఒకప్పటి సందర్శకులు గీకిన పేర్లూ ఉన్నాయి (ఆ జబ్బు మన ఒక్కరిదే కాదన్నమాట!). రైలొచ్చాక జనం పెచ్చులు ఊడబెరుక్కుపోతుంటే 1892లో ప్రభుత్వం రక్షణలోకి తీసుకుంది. అమెరికాలో అలా కాపాడిన తొలి పురాతన కట్టడం ఇదే. ఇప్పుడు లోపలికి వెళ్లనివ్వరు, మంచిదే. ఫీనిక్స్, చాండ్లర్‌లలోని మనవాళ్లు అమ్మానాన్నలొస్తే తిన్నగా గ్రాండ్ కాన్యన్‌కి బండి తీస్తారు. గంట దూరంలోని దీన్నీ ఒక పూట చూపించండి, ఎండెక్కకముందే.