నీళ్లలోనూ వడదెబ్బ.. ఈతగాళ్లకు ‘31 డిగ్రీల’ రూల్ ఎందుకొచ్చింది?

నీళ్లలో ఉంటే ఒళ్లు చల్లగా ఉంటుంది, ఇక వడదెబ్బ ఎక్కడిది అనుకుంటాం. కానీ గంటల తరబడి ఈదేవాళ్లకు గోరువెచ్చని నీళ్లే ప్రాణాల మీదకు తేవొచ్చు.

2010 అక్టోబర్ 23. యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ వరల్డ్ కప్ రేస్. అమెరికా స్విమ్మర్ ఫ్రాన్ క్రిపెన్ (26) ఫినిష్ లైన్‌కు చేరలేదు. ఆయన రాలేదని తోటి ఈతగాళ్లు గమనించాకే వెతుకులాట మొదలైంది. దాదాపు 2 గంటల తర్వాత మృతదేహం దొరికింది. ఆరోజు మరికొందరు కూడా వేడికి అస్వస్థతకు గురయ్యారు. మరణానికి కారణాలపై భిన్న వాదనలు వచ్చినా, ఒక లోపం మాత్రం బయటపడింది. అంతర్జాతీయ నిబంధనల్లో నీటికి కనిష్ఠ ఉష్ణోగ్రత ఉంది, గరిష్ఠ పరిమితే లేదు!

వేడి నీళ్లలో ఏం జరుగుతుంది?

నేల మీద పరిగెత్తితే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లలో చెమట పట్టినా ఆరదు. కండరాల్లో పుట్టిన వేడి లోపలే పేరుకుపోతుంది. దాన్ని వదిలించుకోడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. ఒంట్లో నీరు తగ్గినా దాహం సరిగా తెలియదు. వేగం తగ్గుతుంది, తర్వాత స్పృహ తప్పే ప్రమాదం.

చల్లటి నీళ్లతోనూ చిక్కే

నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. బాగా చల్లటి నీళ్లలో దిగగానే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో నీళ్లు మింగితే కష్టమే. తర్వాత చేతులు, కాళ్లు మొద్దుబారి స్ట్రోక్ పట్టు తప్పుతుంది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందకు పడితే హైపోథెర్మియా.

ఇప్పుడు రూల్ ఏంటి?

పూల్ పోటీలకు 25 నుంచి 28 డిగ్రీలు. ఓపెన్ వాటర్‌కు 16 నుంచి 31. అయితే అమెరికా స్విమ్మింగ్ సమాఖ్య తన సుదూర రేసులకు 29.45 డిగ్రీలే గరిష్ఠం అంటోంది. అంటే 31 కూడా ఎక్కువేనన్న వాదన ఇంకా బతికే ఉంది. 2021లో టోక్యో ఒలింపిక్స్ మారథాన్ స్విమ్‌ను వేడి వల్లే ఉదయం 6.30కే మొదలుపెట్టారు.

మన దగ్గర ఎండాకాలం పైకప్పు లేని పూల్స్‌లో పిల్లలకు గట్టి ప్రాక్టీస్ చేయించేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామునే ఈత, మధ్యమధ్యలో మంచినీళ్లు. తల తిరుగుతోందని చెబితే వెంటనే బయటకు! నీళ్లలో ఉన్నారు కదా, ఏం కాదులే అనుకోవడమే అసలు ప్రమాదం.