మన ఇంటి గోడ ఆఫీసుకెందుకు?



ఇంటి నుంచి చేసే కొలువుల గురించి పోయిన వారం రాశాక, చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకే ప్రశ్న పంపారు. "సార్, మీటింగుల కెమెరా ఆన్ చెయ్యాలె అంటున్నరు. చెయ్యాల్నా, వద్దా?"

నా జవాబు ముందే చెప్తాను. జీతం ఇచ్చేవాడికి పని అడిగే హక్కుంది. ఇల్లు చూపించమనే హక్కు లేదు. కెమెరా పెట్టాలా వద్దా అన్నది ఆ ఇంట్లో కూర్చున్న మనిషి ఇష్టం.

ఎల్లంతకుంట లాంటి మండలాల ఎస్సీ కాలనీల్లో కూర్చుని హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పని చేస్తున్న పిల్లలు ఇవాళ ఉన్నారు. వాళ్ల ఆఫీసంటే ఏమిటి? ఉన్న ఒక్క గదిలో ఒక మూల. పైన రేకులు. కెమెరా తెరిస్తే ముఖం ఒక్కటే కనపడదు. దండెం మీద బట్టలు, మంచంలో పడుకున్న నాయనమ్మ, గోడకు బాబాసాహెబ్ ఫొటో, పక్కన ఏసుప్రభువు క్యాలెండర్ కూడా కనపడతాయి. ఆ గోడను చదవడానికి మేనేజరుకు కుల ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. "వెనక బ్లర్ పెట్టుకోండి" అని తేలిగ్గా సలహా ఇస్తారు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీద బ్లర్ పెడితే మీటింగే ఆగిపోతుందని వాళ్లకు తెలియదు.

కులం తెలిస్తే ఏమవుతుందని అమాయకంగా అడిగేవాళ్లుంటారు. 2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న సంగతిని పై అధికారి తోటివాళ్లకు చెప్పాడని, తర్వాత అతని అవకాశాలు తగ్గిపోయాయని ఆరోపణ. కంపెనీ దాన్ని కాదన్నది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ శాఖే వెనక్కు తీసుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం సాగింది. కోర్టులో ఎవరు గెలిచినా, కులం బయటపడటం మనవాళ్లకు ఎంత భయమో అందులో ఉంది.

ఊరు మనకు ఎప్పుడూ రెండు ఆజ్ఞలు పెట్టింది. మన ఇళ్లు దాని కంటపడకూడదు, అందుకే వాడ ఊరి అవతల. దొర పిలిస్తే మాత్రం గడి ముందు హాజరు కావాలి, అది వెట్టి. ఎప్పుడు కనపడాలో, ఎప్పుడు కనపడకూడదో తేల్చింది మనం కాదు. ఆ అధికారాన్ని మళ్లీ ఒక టీమ్ లీడర్ చేతిలో పెట్టొద్దు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. జూమ్ కంపెనీ చెప్పే ప్రకారం వీడియోకు సెకనుకు సుమారు 600 కిలోబిట్లు కావాలి. మాటకు 60 నుంచి 80 చాలు. రాకపోకలు రెండూ కలిపితే గంట వీడియోకు 540 ఎంబీ దాకా అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడు గంటలు కూడా నిండుగా రాదు. మన కెమెరా ఒక్కటి ఆపినా అందులో సగం మిగులుతుంది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు వందలో నాలుగు, పట్టణాల్లో ఇరవై మూడు. తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోను కొన్నంత తేలిగ్గా ఇంకో గది కట్టుకోలేం.

"కెమెరా లేకపోతే శ్రద్ధ ఉండదు" అన్నది వాళ్ల పెద్ద వాదన. అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. కెమెరా ఆన్‌లో ఉన్న రోజుల్లో జనం ఎక్కువ అలసిపోయారు. ఆ అలసటతో మీటింగులో మాట్లాడటం కూడా తగ్గింది. ఆడవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు ఆ భారం ఇంకా ఎక్కువ. మొదటి తరం ఉద్యోగంలో చేరిన మన చెల్లె ఆ రెండు వరుసల్లోనూ ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో ఒక ఉద్యోగి రోజంతా కెమెరా ఆన్‌లో ఉంచనన్నందుకు అమెరికా కంపెనీ చెటూ అతన్ని తీసేసింది. అది అతని వ్యక్తిగత జీవితంలో చొరబాటేనని 2022లో అక్కడి కోర్టు తేల్చి, సుమారు 75 వేల యూరోలు ఇప్పించింది. మన దగ్గర 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించింది, ప్రైవేటు మేనేజరును నేరుగా ఆపదు. అయినా మన వాదనకు పునాది అదే.

మనవాళ్లలోనే ఒక అభ్యంతరం ఉంది, దాన్ని గౌరవిస్తాను. "దాక్కోవడమెందుకన్నా? బాబాసాహెబ్ ఫొటో కనపడేలా కూర్చుందాం" అంటారు. కూర్చోండి, నాకూ ఇష్టమే. కానీ నా గోడ నేను చూపిస్తే అది ఆత్మగౌరవం. ఆఫీసు తనిఖీ చేస్తే అది సోదా. ప్రొబేషన్‌లో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్ల మీద మన పోరాటం బరువంతా వేయొద్దు.

ఇంకో మాట. ఒక్కరే కెమెరా ఆపితే అనుమానం వస్తుంది, ప్రమోషన్ పోతుంది. అందుకే ఇది ఒంటరిగా తెగించే పని కాదు, అందరికీ వర్తించే నియమం కావాలి. సంఘాల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో ఈ నాలుగూ అడుగుదాం. కెమెరా అందరికీ ఐచ్ఛికం. తప్పనిసరి అంటే డేటా, పరికరం ఖర్చు యాజమాన్యానిదే. హాజరుకు గొంతు, చాట్ చాలు. కొలమానం చేసిన పనే.

ఐదోది కూడా ఉంది. 2021 ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రిపరేటరీ కోర్సు ఆన్‌లైన్ క్లాసులో, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులను ఒక అధ్యాపకురాలు బూతులు తిట్టింది. ఆ వీడియో బయటికొచ్చాకే ఆమెను సస్పెండ్ చేశారు. ఆ రోజు పిల్లలకు సాక్షిగా నిలబడింది వీడియోనే. కాబట్టి ఇంటర్వ్యూ బోర్డు, విచారణ కమిటీ, పాఠం చెప్పే నాలాంటివాళ్లు కెమెరా ముందు కూర్చోవాలి, రికార్డు ఉండాలి. అధికారం ఉన్నవాడు కనపడాలి. లేనివాడికి ఎంచుకునే వీలుండాలి.

మీ ఆఫీసులో, మీ క్లాసులో నియమం ఏముందో కింద రాయండి. పేర్లు వద్దు, ఉద్యోగాలు జాగ్రత్త. అవి చూసి వచ్చే వారం ఒక నమూనా వినతిపత్రం రాద్దాం.

జై భీమ్.