విద్యాలయ ద్వారమున వారంటు

విద్యాలయములలో వలసశాఖవారి నిర్బంధములకు హద్దులు విధించిన పూర్వపు టుత్తరువును అమెరికా ప్రభుత్వము 2025 జనవరిలో రద్దుచేసినది. వేలకొలది తెలుగు బిడ్డ లాదేశమున చదువుచున్నారు గావున నిది మనకు పరాయి చర్చ కాదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయము తన ఆవరణమునకు తానే యజమాని. ఆ యాజమాన్యమే దాని బలము. అదియే దాని బాధ్యత. న్యాయాధిపతి సంతకముగల వారంటు వేరు. వలసశాఖాధికారియే వ్రాసికొన్న వారంటు వేరు. సమ్మతి లేనిదే రెండవది వసతిగృహపు తలుపు తెరువజాలదనుట, ఆ రాజ్యాంగపు నాలుగవ సవరణము ననుసరించి చిరకాలముగ నెన్నబడుచున్న న్యాయము. కాని కావలివాడు బెదరి తాళము తీసెనేని, అదియే సమ్మతి యని వాదింతురు!

కావున నీ నిర్ణయమును కావలివానికి విడువరాదు. వచ్చిన యధికారిని గౌరవముతో నిలిపి, కాగితమును విశ్వవిద్యాలయపు న్యాయవాదికి చూపవలెను. అడ్డగింపరాదు, దాపరాదు, బొంకరాదు. విదేశ విద్యార్థులనుగూర్చి వలసచట్టము కోరు వివరముల నీయక తప్పదు. తక్కిన విద్యార్థి పత్రములను, విద్యార్థి యనుమతియో చట్టబద్ధమైన యాజ్ఞయో లేనిదే, సాధారణముగ బయటపెట్టరాదని 1974 నాటి చట్టమే చెప్పుచున్నది.

ఇది ధిక్కారమని కొంద రందురు. అధికారిని చట్టము చూపుమని యడుగుట చట్టధిక్కార మెట్లగును? వేలకొలది డాలర్లు ఫీజులుగ గైకొని, ఆపత్సమయమున తలుపు గడియ విషయమునందైన జాగరూకత చూపని సంస్థ విద్యాలయము కాదు, అంగడి.